లోయ నాకు కనిపించిన రోజు

"తాడు. కాలు లేపు. ఇంకొంచెం... ఆఁ, గంతే. ఇగ రా."

నమీబియా సఫారీలో నాకు ప్రతి తెల్లవారుజామూ ఈ మాటలతోనే మొదలయ్యేది. టెంటు జిప్పు తీసి ముందు మా ఆయన బయటికి పాకేవాడు. తర్వాత చెయ్యి లోపలికి చాపి నన్ను బయటికి తెచ్చేవాడు. టెంటును నేలకు బిగించిన తాళ్లు నాకు కనిపించవు. మొదటి రోజు సాయంత్రమే ఒక తాడుకు తట్టుకుని, వంట దగ్గరున్న ప్లాస్టిక్ బేసిన్ మీద పడి, కడిగి పెట్టిన పళ్లేలన్నీ ఇసుకపాలు చేశాను. అప్పటి నుంచి తను నా మోచెయ్యి వదల్లేదు.

నా కళ్ల సంగతి చెప్పాలి. నాకు రెటీనా జబ్బుంది. చూపు నడిమధ్యలో బాగానే ఉంటుంది. పుస్తకాలు చదువుతాను, కంప్యూటర్ ముందు ఉద్యోగం చేస్తాను. చుట్టూ ఉండాల్సిన చూపే ఏటేటా కాస్త కాస్త మూసుకుపోతోంది. డ్రాయింగ్ పేపరును గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే ఎలా ఉంటుందో, లోకం నాకు అలా ఉంటుంది. వెలుగు తగ్గితే ఆ గొట్టం కూడా ఉండదు.

ఇది జర్మనీలో షేక్‌హ్యాండ్ల వల్ల బయటపడింది. జార్‌బ్రూకెన్‌లో కొత్త ఆఫీసులో చేరిన రోజుల్లో, ఎదుటివాళ్లు చాపిన చెయ్యి నాకు కనిపించేది కాదు. నేను వాళ్ల ముఖంలోకి చూసి నవ్వుతూ నిలబడేదాన్ని. వాళ్ల చెయ్యి కిందెక్కడో గాలిలో ఎదురుచూస్తూ ఉండేది. ఈ అమ్మాయికి కొంచెం పొగరని ఒకరిద్దరు అనుకున్నారట. ట్రామ్ దిగుతూ పసిపిల్లల బండ్లకు గుద్దుకునేదాన్ని. చీకటి పడితే గోడ పట్టుకుని నడిచేదాన్ని. కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడానికే ఒక వేసవి గడిచిపోయింది. దొరికాక, ఒక తెల్లటి గిన్నెలాంటి మిషన్‌లో తల పెట్టించి, మెరిసే చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. మిషన్ పాడైందేమో అనుకున్నాను. పక్కనున్న స్క్రీన్ మీద మాత్రం చుక్కలు వస్తూనే ఉన్నాయట. మా ఆయన చూశాడు. ఇంటికొచ్చి తలుపు వేసుకునే దాకా ఆ మాట చెప్పలేదు.

మేమిద్దరం జర్మనీలోనే, ఇల్మెనౌలో ఎమ్మెస్ చదువుతుండగా కలిశాం. తనది కరీంనగర్, నాది రాజమండ్రి. మొదట్లో తను "జర పైలం" అంటే నాకు అర్థమయ్యేది కాదు. జాగ్రత్త అని అర్థం. ఈ జబ్బు వచ్చాక నేను రోజుకి ఎన్నిసార్లు వింటానో లెక్క లేని మాట అది. జర్మనీలో చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది కదా. ఆ నెలల్లో తను తన ఆఫీసు నుంచి రోజూ నా ఆఫీసుకొచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లేవాడు. "మెట్టు. సైకిల్. పైలం, ఐసున్నది." మొదట్లో ఆ మాటలు వింటే కళ్లు చెమర్చేవి. తర్వాత తర్వాత విసుగొచ్చేది. విసుక్కున్నందుకు మళ్లీ బాధేసేది. తెల్ల కర్ర వాడటం నేర్చుకోమని ఆసుపత్రిలో చెప్పారు. నాకు మనసొప్పలేదు. తనూ పట్టుబట్టలేదు. "నేనున్న గద" అనేవాడు.

ఒక ఆదివారం వంకాయలు తరుగుతూ తనే అడిగాడు.

"ఆఫ్రికా పోదామా?"

నవ్వేశాను. తను సెలవొస్తే ఇంట్లో పడుకోవడం, లేచి బిర్యానీ వండటం తప్ప వేరే కోరిక లేని మనిషి. "ఏముంది ఆఫ్రికాలో?"

"ఏనుగులున్నయ్. జిరాఫులున్నయ్. అన్నీ పెద్దగుంటయ్ గద. నీకు మంచిగ కనబడ్తయ్."

అలా వెళ్లాం. జర్మన్ మాట్లాడే చిన్న గుంపు, ఒక పొడుగాటి ట్రక్కు, రోజుకో చోట టెంట్లు. ఎవరి టెంటు వాళ్లే వేసుకోవాలి, వంటలో ఓ చెయ్యి వెయ్యాలి. ట్రక్కు నడిపేదీ, దారి చూపేదీ, కాఫీ కాచేదీ ఒక నడివయసు నమీబియా ఆయనే. జర్మన్‌ని మా ఊళ్లో ఎవరూ పలకనంత మెత్తగా పలికేవాడు. గుంపులో నాకు బాగా దగ్గరైంది కాట్‌బస్ నుంచి ఒంటరిగా వచ్చిన ఒక పెద్దావిడ. జీవితమంతా కిటాలో, అంటే శిశువిహారంలో, పసిపిల్లల్ని చూసుకున్న మనిషి. అందరితోనూ ఇంకా పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడేది.

జంతువుల విషయంలో మా ఆయన లెక్క తప్పింది. ఏనుగు పెద్దదే. కానీ అది కదులుతుంది. "అదిగో కుడివైపు చెట్టు పక్కన!" అని ట్రక్కులో అందరూ ఒక్కసారి అరుస్తారు. నేను నా గొట్టాన్ని అటు తిప్పి, చెట్టు వెతికి, ఆ చెట్టుకు పక్క ఏదో తేల్చుకునేసరికి అక్కడ కొమ్మలు ఊగుతూ ఉంటాయి. అంతే. చిరుత వెళ్లిపోయింది. ఖడ్గమృగం పొదల వెనక్కి పోయింది. జీబ్రాలు దగ్గరికొచ్చినప్పుడు చారలు కనిపించాయి గానీ జీబ్రా కనిపించలేదు. "కనబడ్డదా?" అని తను ప్రతిసారీ ఆశగా అడిగేవాడు. రెండు మూడుసార్లు కనిపించిందని అబద్ధమాడాను. తను నమ్మలేదు. సాయంత్రాలు టెంటు తాళ్లు బిగిస్తూ మాటలు తగ్గించేశాడు.

అలా దక్షిణానికి, ఫిష్ రివర్ లోయ దాకా వచ్చాం.

ఆ రోజు సూర్యోదయం లోయ అంచున చూడాలని ట్రక్కు చీకట్లోనే బయలుదేరింది. జర్మనీలో ఎండలు కాసే జులై అక్కడ చలికాలం. ఉన్ని టోపీలు, రెండేసి స్వెట్టర్లు వేసుకుని, ఒళ్లో వేడినీళ్ల సీసాలు పెట్టుకుని కూర్చున్నాం. కంకర రోడ్డు మీద ట్రక్కు గడగడలాడుతోంది. నాకు కిటికీ ఎటుందో కూడా తెలియడం లేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆ చలిలో తన అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. జ్వరమేమో అనుకుని నుదురు తాకి చూశాను. చల్లగానే ఉంది.

ట్రక్కు ఆగింది. తను నన్ను దింపి, రాళ్లు చెబుతూ నడిపించి, ఒక రాతిగోడ దగ్గర నిలబెట్టాడు. నా రెండు చేతులూ గోడ మీద పెట్టించాడు.

"గిది పట్టుకొని నిలబడు. ముంగట్కి పోకు."

"నువ్వు?"

"ఈడనే ఉంట."

ఎదురుగా నాకు నల్లటి చీకటే. చుట్టూ అందరూ "ఆహా" అంటున్నారు. వాళ్లకు మసక వెలుతురులో ఏదో కనిపిస్తోంది. ఇది కూడా చిరుతలాంటిదే కాబోలు అనుకున్నాను. టోపీ చెవుల మీదకు లాక్కుని ఊరికే నిలబడ్డాను.

తర్వాత మా వెనక నుంచి సూర్యుడు లేచాడు. మొదట ఎక్కడో చాలా దూరంలో సన్నటి నారింజ గీత పుట్టింది. అది అవతలి అంచు. గీత మందమైంది. దాని కింద ఇటుక రంగు, ఇంకా కింద బూడిద రంగు, ఆ కింద వంగపండు రంగు. ఎండ ఆ గోడ మీద మెట్టు మెట్టూ దిగుతోంది. అది దిగిన మేరా చీకట్లోంచి లోయ పైకొస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లకి ఎలా ఉందో తెలియదు గానీ, నాకు మాత్రం ఏమీ లేని చోట ఒక లోకం పై నుంచి కిందికి తయారవుతోంది. తల మెల్లగా ఎడమకు తిప్పాను. ఉంది. కుడికి తిప్పాను. అక్కడా ఉంది. మళ్లీ ఎడమకు తిప్పాను. అది ఎక్కడికీ పోలేదు! నాకోసం ఆగినట్టే ఉంది. నది మలుపు తిరిగిన చోట ఒక కొండ దీవిలా నిలబడి ఉంది. దాని చుట్టూ నది దారి తెల్లగా ఉంది. అన్నీ, అన్నీ కనిపిస్తున్నాయి.

"కనిపిస్తోంది" అన్నాను గట్టిగా, తెలుగులో. "ఇదిగో, నాకు కనిపిస్తోంది!"

జవాబు రాలేదు.

పక్కకు తిరిగాను. మా ఆయన లేడు. గొట్టంలోంచి మనిషిని వెతకడం అంత తేలిక కాదు. ఎర్ర జాకెట్టు, నీలం టోపీ, కెమెరా, ఎవరిదో గడ్డం, ఒక్కొక్కటీ వచ్చి పోతున్నాయి. నాకు మొదటిసారి భయమేసింది. అప్పుడు కాట్‌బస్ పెద్దావిడ వచ్చి నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మీ ఆయన ట్రక్కు దగ్గరున్నాడు. ముఖం పాలిపోయింది పాపం. పిప్పరమెంటు ఇచ్చాను. రండి, తీసుకెళ్తాను" అంది.

తను ట్రక్కు వెనక చక్రానికి ఆనుకుని, లోయకు వీపు పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టి వెళ్లిపోయింది.

"ఏమైంది? కళ్లు తిరుగుతున్నాయా?"

"ఏం లేదు. పొద్దుగాల ఏం తినలే గద."

"నాకేసి చూసి చెప్పు."

తను చూడలేదు. పిప్పరమెంటును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నాడు.

"ఎత్తంటే నాకు భయం. చిన్నప్పటి సంది గింతే. మా ఇంట్ల డాబా మీద పిట్టగోడ కాడికి గూడ పోయేటోన్ని కాదు. నిన్ను ఆ గోడ దాక తోల్కపోయిన, గంతే, కాళ్లు నావి కాదన్నట్టయినయ్. ఎట్లొచ్చి ఈడ పడ్డనో నాకే తెల్వదు."

ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియని సంగతి. ఇల్మెనౌలో కొండ మీద ఒక రాతి టవర్ ఉండేది. స్నేహితులమంతా ఎగబడి ఎక్కేవాళ్లం. బ్యాగులకు కాపలా ఎవరో ఒకరుండాలి కదా అని తనెప్పుడూ కిందే సూప్ తాగుతూ కూర్చునేవాడు. ఎంత మంచివాడో అని మురిసిపోయేదాన్ని.

"లోయ చూడ్డానికి వెళ్తామని నీకు తెలీదా మరి?"

"తెల్సు. బుక్ జేసినప్పుడే తెల్సు."

"మరెందుకు బుక్ చేశావ్?"

"నువ్వు చూస్తవని."

చక్రం రబ్బరు వాసన వేస్తోంది. తన చెయ్యి తీసుకుని, తడిగా ఉన్న అరచేతిని నా స్వెట్టరుకు తుడిచి, నా ఒళ్లో పెట్టుకున్నాను. ఎండ మా బూట్ల దాకా వచ్చింది.

"కనబడ్డదా?" అన్నాడు చివరికి, ఏనుగుల దగ్గర అడిగిన గొంతుతోనే.

"మొత్తం కనబడింది."

"అబద్ధం."

"అబద్ధం కాదు. దగ్గరున్నవే నాకు ముక్కలు ముక్కలవుతాయి. నీ ముఖం చూస్తే చెవులుండవు. అంత దూరంలో ఉన్నది అయితే గొట్టంలో పట్టేస్తుంది. పైగా అది పారిపోదు కదా. నాకు ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడే ఉంటుంది."

తను కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. ఏడుపు ముఖమో నవ్వు ముఖమో చెప్పలేను.

"జెప్పు అయితే. ఎట్లున్నది?"

"మడత కాజాను అడ్డంగా కోస్తే పొరలు కనిపిస్తాయే, అలా ఉన్నాయి గోడలు. పై పొర మాడిపోయింది. మధ్యవి ఎర్రగా ఉన్నాయి."

"గిప్పుడు తిండి ముచ్చటనా?" అన్నాడు. పెదాలకు రంగొచ్చింది. "నీళ్లున్నయా?"

"అక్కడక్కడా మడుగులున్నాయి. మిగతాదంతా ఇసుక."

"అంటే ఎండకాలంల మా మానేరు లెక్క."

"మీ మానేరే అనుకో. దాన్ని పాతాళంలో పెట్టారు."

"పాతాళం అనకే, దండం పెడ్త" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

కాఫీ కాచాక గైడు అందరినీ చుట్టూ కూర్చోబెట్టి తన అమ్మమ్మ చెప్పిన కథ చెప్పాడు. వేటగాళ్లు తరిమితే ఒక మహాసర్పం ఎడారిలో మెలికలు తిరుగుతూ పారిపోయిందట. దాని ఒంటి రాపిడికి పడిన గాడే ఈ లోయ అట. తర్వాత, ఓపికున్నవాళ్లు అంచు వెంబడి నడిచి తర్వాతి మలుపు దగ్గరికి రావచ్చు, ట్రక్కును అక్కడికే తెస్తానన్నాడు.

"నువ్వు ట్రక్కులో రా. నేను పెద్దావిడతో నడిచొస్తాను" అన్నాను.

"ఆమెకు తెలుగు రాదు. 'రాయి' అని ఎట్ల జెప్తది?" తను లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నేను కిందికే చూస్త. నీ బూట్లు తప్ప ఇంకోటి చూడ. నువ్వు దూరం చూస్కుంట, నాకు జెప్పుకుంట నడువు. అంచు కాడికి నువ్వు పోకు, నేను పోను, మధ్యల ఇంత జాగ వదులుదాం."

అలాగే నడిచాం. బాట అంచుకు చాలా దూరంగానే ఉంది. అయినా నా మోచెయ్యి పట్టుకున్న తన వేళ్లు బిగుసుకునే ఉన్నాయి. తల వంచుకుని నా పాదాలనే చూస్తున్నాడు. పెళ్లిలో ఏడడుగులు నడిచేటప్పుడు కూడా వాటిని అంత శ్రద్ధగా చూడలేదు.

"రాయి. ముళ్లపొద, ఎడమకు రా. చిన్న మెట్టు. ఇగ సాపున్నది."

"అవతలి గోడ మీద మబ్బు నీడ పాకుతోంది. ఇప్పుడు ఆ దీవి కొండ ఎక్కుతోంది."

"రాయి. రెండు రాళ్లు. నీడ ఏమైంది?"

"దిగిపోయింది. కింద మడుగు ఒకటి మెరిసింది."

"ఏం రంగు?"

"పాచి రంగు."

ఆ ఉదయం "రాయి" అన్న మాట నన్ను విసిగించలేదు. తను రాళ్లు చెబుతుంటే నేను లోయ చెబుతున్నాను. ఒకరు ఆపితే ఇంకొకరు ఆగిపోవాల్సిందే.

సగం దారిలో నేనే ఆగాను. అంచుకు కాస్త దిగువగా పొడుచుకొచ్చిన ఒక బండ కొనన ఏదో ఉంది. బండలాగే గోధుమ రంగులో ఉంది. కానీ దానికి చెవులున్నాయి. చిన్న జింక! నాలుగు కాళ్లూ దగ్గరగా పెట్టి, గిట్టల మొనల మీద నిలబడి ఉంది. కదలడం లేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ చూపించలేదు. అందరూ ముందుకెళ్లిపోయారు.

"జింక" అన్నాను గుసగుసగా.

"ఏడ?"

"అదిగో, బండ కొనన. నువ్వు చూడకు, కళ్లు తిరుగుతాయి."

"నువ్వు పట్టినవా? నీ అంతట నువ్వే?"

"నేనే."

నా మోచెయ్యి మీద వేళ్లు ఇంకా బిగిశాయి. తను గట్టిగా ఊపిరి తీసుకుని తల పైకెత్తాడు. నా చూపు వెంటే తన చూపునూ పంపాడు. "ఉన్నది" అన్నాడు. "అమ్మో... ఉన్నది." ఆ జింకనూ, దాని వెనకనున్న లోయనంతా ఒక్క క్షణం చూశాడు. వెంటనే నా భుజం మీద ముఖం పెట్టేశాడు. తన గుండె నా చేతికి తెలుస్తోంది. జింక చెవులు మాత్రం కదిపింది. తర్వాత ఆ నిట్టనిలువు బండ మీద, మనం మెట్లు దిగినట్టు, తాపీగా దిగిపోయింది. అది దిగడం మొత్తం చూశాను. అది తనకు చెప్పలేదు. చెబితే పడిపోయేవాడు.

మలుపు దగ్గర ట్రక్కు కనిపించగానే పెద్దావిడ చప్పట్లు కొట్టింది. "శభాష్! ఇద్దరూ నడిచొచ్చారే!" అంటూ కిటాలో పిల్లలకిచ్చినట్టు ఇద్దరికీ చెరొక పిప్పరమెంటు ఇచ్చింది. మా ఆయన ట్రక్కులో లోయ కనిపించని వైపు సీటులో కూర్చుని, క్యాంపు చేరేలోగానే నా భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

జర్మనీకి తిరిగొచ్చాక, ఆకులు రాలే రోజుల్లో, తెల్ల కర్ర నేర్పే ఆవిడకు నేనే ఫోన్ చేశాను. తను అవసరం లేదనలేదు. మొదటి పాఠం జార్ నది గట్టు మీద జరిగింది. మాట్లాడకూడదన్న షరతు మీద తనూ వెనకాలే వచ్చాడు. సైకిళ్లు వచ్చినప్పుడల్లా దగ్గాడు. ఇప్పుడు చీకటి పడ్డాక కూడా నేను ఒక్కదాన్నే ట్రామ్ ఎక్కి ఇంటికొస్తాను. చలి బాగా ఎక్కువగా ఉన్న సాయంత్రాల్లో తను నా ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. దారి చూపడానికి కాదట, కలిసి టీ తాగడానికట.

చూపు ఇంకా కొంచెం తగ్గింది. మొన్నటి పరీక్షలో డాక్టర్ చెప్పింది. బయటికొచ్చాక తను "ఆదివారం ఎటన్న పోదాం" అన్నాడు. జార్ నది పెద్ద మెలిక తిరిగే చోటుంది, మా ఊరికి దగ్గర్లోనే, అడవి మధ్య కొండ మీద. అక్కడికి వెళ్లాం. వాన వెలిసింది. బల్ల తడిగా ఉంటే తన జాకెట్టు పరిచాడు. నన్ను అంచునున్న రెయిలింగ్ దగ్గర నిలబెట్టి, తను చెట్టుకు ఆనుకుని ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, "ఏమున్నది?" అని అడిగాడు.

"పొడుగాటి పడవ ఒకటి వస్తోంది. ఖాళీది."

"మలుపు తిరుగుతదా అంత పొడుగు పడవ?"

"ఆగు, చూసి చెప్తాను" అన్నాను.